ఏఐ దూరని రాతపని కోసం లిబ్రేఆఫీస్ రైటర్: నాలుగేళ్ల పైబడి వాడిన అనుభవం

కడపలో మాది చిన్న టైపింగ్, జిరాక్స్ షాపు. ఏడు రోడ్ల దగ్గర్నుంచి నడిచి వచ్చేంత దూరం. అర్జీలు, అఫిడవిట్లు, అగ్రిమెంట్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు, పెండ్లి పత్రికల మ్యాటరు మా రోజువారీ పని. ఏడాదికి ఒకటో రెండో పుస్తకాల పని కూడా వస్తుంది. రిటైరైన టీచర్లు, ఊళ్లలో పెద్దవాళ్లు తమ జ్ఞాపకాలు నోట్‌బుక్కుల్లో రాసుకొని తెస్తారు. నేను టైప్ చేసి, ప్రూఫ్ చూపించి, ప్రెస్సుకు పంపుతాను. నాకు బాగా ఇష్టమైన పని అది.

2021లో లిబ్రేఆఫీస్ రైటర్ వేసుకున్నాను, వర్డ్ లాంటి టైపింగ్ ప్రోగ్రామ్ ఇది. అప్పట్లో దాన్ని సగం పనికే వాడేదాన్ని. టైపింగ్ ఇందులో చేసి, కస్టమర్లకు చూపించడానికి మాత్రం నెల నెలా చందా కట్టే ఒక ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించేదాన్ని. 2024 వేసవి నుంచి షాపులో పని మొత్తం రైటర్‌లోనే. ఆ మార్పు ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

ముద్దనూరు తట్టు నుంచి ఒక తాత ఆరు పొడుగు నోట్‌బుక్కులు తెచ్చాడు. ఆయన చిన్నతనం, కరువులు, సేద్యం, అన్నీ ఆయన మాట్లాడే భాషలోనే రాసుకున్నాడు. మూడు నోట్‌బుక్కులు టైపయ్యాక, పట్నంలో ఉన్న ఆయన కొడుకు కూడా చూస్తానన్నాడని ఫైలును ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించాను. ఆ వారమే అందులో కొత్త ఏఐ సౌకర్యం వచ్చింది. ఫైలు తెరవగానే పైన ఒక పట్టీ: మీ డాక్యుమెంట్‌లో భాషను మెరుగుపరచవచ్చు, అన్నీ అంగీకరించు అని. షాపులో నాకు సాయంగా ఉండే పిల్లోడు అది స్పెల్లింగ్ తప్పుల పట్టీ అనుకొని నొక్కేశాడు. వాడి తప్పు ఏమీ లేదు, ఆ బటన్ అట్లే ఉంది.

పది రోజుల తర్వాత తాత ప్రూఫ్ చూడటానికి వచ్చాడు. కళ్లు సరిగా ఆనవు కాబట్టి నేనే చదివి వినిపిస్తాను. ఒకచోట చేయి అడ్డం పెట్టి, "ఏమ్మా పాపా, ఇనుమును తోలకచ్చేదేంది? నేనట్ల రాసుకోలేదే" అన్నాడు.

నోట్‌బుక్కు తీసి చూశాను. ఆయన రాసింది ఇది: "మాపటేల ఎనుమును తోలకచ్చి కొట్టంలో కట్టేసి, సంగటి తిని, మళ్లా కపిల కాడికి పోతాంటి."

స్క్రీన్ మీద ఉన్నది ఇది: "సాయంత్రం ఇనుమును తీసుకువచ్చి కొట్టంలో కట్టేసి, భోజనం చేసి, మళ్ళీ కపిల దగ్గరికి వెళ్తున్నాను."

మా వైపు ఎనుము అంటే బర్రె. అది ఇనుము అయిపోయింది. సంగటి భోజనం అయింది. కపిల అంటే ఎద్దులను కట్టి తోలు బానతో బావిలో నీళ్లు తోడే ఏర్పాటు. ఈ కొత్త వాక్యం చదివితే కపిల ఎవరో మనిషి అనుకుంటారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది చివరి మాట. "పోతాంటి" అంటే ఆ రోజుల్లో రోజూ అట్లా పోయేవాణ్ణి అని. దాన్ని "వెళ్తున్నాను" చేసేసరికి అరవై ఏళ్ల కిందటి ముచ్చట ఇప్పుడు జరుగుతున్నట్టు అయిపోయింది. వ్యాకరణంలో తప్పు లేదు, చూడటానికి నున్నగా ఉంది. అందుకే నేను కూడా రెండుసార్లు చూసి పట్టుకోలేకపోయాను. తప్పుగా ఉన్న మాట కంటికి కనపడుతుంది, సొంపుగా మార్చిన మాట కనపడదు.

ఆ రోజు నన్ను కాపాడింది రైటర్‌లో నేను దాచుకున్న అసలు ఓడీటీ ఫైలు (రైటర్ సొంత రకం ఫైలు). ఆన్‌లైన్ నుంచి దించుకున్న ఫైలును రైటర్‌లో తెరిచి, ఎడిట్ మెనూలో ట్రాక్ చేంజెస్ కింద ఉన్న కంపేర్ డాక్యుమెంట్ నొక్కి, ఈ అసలు ఫైలును చూపించాను. ఏ మాట పోయిందో, దాని చోట ఏది వచ్చిందో పేజీ పేజీకి రంగుల్లో తేలింది. రెండు వందల పైచిలుకు చోట్ల మార్పులు. మూడు రాత్రులు కూర్చొని ఒక్కొక్కటే చూశాను. మా ఊళ్లోనే బ్రౌన్ దొర ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను ఒకదాంతో ఒకటి పోల్చి చూపించే పని చేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున భాషా పరిశోధన కేంద్రం ఉంది. ప్రతులు పోల్చి చూడటం ఎంత ఓపిక పనో ఆ మూడు రాత్రుల్లో నాకు తెలిసింది.

ఇక ప్రోగ్రామ్ సంగతి. లిబ్రేఆఫీస్ ఉచితం. 2010 సెప్టెంబరులో ఓపెన్ఆఫీస్ అనే పాత ఉచిత ప్రోగ్రామ్ నుంచి విడివడిన వాళ్లు ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో మొదలుపెట్టారు, 2011 జనవరిలో మొదటి వెర్షన్ వచ్చింది. 2024 నుంచి వెర్షన్ నంబరులో సంవత్సరం, నెల పెడుతున్నారు, అంటే 24.8 అంటే 2024 ఆగస్టుది. ఇన్‌స్టాల్ చేస్తే ఏఐ రాత సహాయకుడు ఏదీ వెంట రాడు. కావాలనుకున్నవాళ్లు ఎక్స్‌టెన్షన్‌గా వెతికి తెచ్చి వేసుకోవాలి. లాగిన్ అడగదు. ఫైలు మన హార్డ్‌డిస్క్‌లోనే ఉంటుంది.

అయితే రెండు తలుపులు ఉన్నాయని చెప్పకపోతే అన్యాయం. ఈ కొత్త నంబర్లకు ముందే, 7.4 వెర్షన్‌లో లాంగ్వేజ్‌టూల్ అనే గ్రామర్ సర్వర్‌కు కలిపే సౌకర్యం, 7.5లో డీప్ఎల్ అనువాదానికి కలిపే సౌకర్యం పెట్టారు. రెండూ మూసే ఉంటాయి. మనం ఆప్షన్స్‌లోకి పోయి ఆన్ చేయడమో, కీ (వాళ్లిచ్చే కోడ్) ఇవ్వడమో చేస్తే తప్ప పనిచేయవు. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్‌లో చూసి అవి మూసే ఉన్నాయో లేదో నిర్ధారించుకోండి. నేను కొత్త సిస్టమ్‌లో వేసిన ప్రతిసారీ చూస్తాను.

ఏఐ లేదంటే సొంత తెలివి చూపించదని కాదు. నా సిస్టమ్‌లో వర్డ్ కంప్లీషన్ మొదట్నుంచీ ఆన్‌లో ఉండింది. అంతకుముందు టైప్ చేసిన పొడుగు మాటలను గుర్తుపెట్టుకొని, సగం కొట్టగానే మిగతాది ముందుకు తెస్తుంది. ఎంటర్ కొడితే ఒప్పుకున్నట్టు లెక్క. పేరా ముగించడానికి కొట్టిన ఎంటర్ అక్కర్లేని మాటను పడేసిన సందర్భాలు నాకు ఉన్నాయి. టూల్స్‌లో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ తెరిచి, వర్డ్ కంప్లీషన్ ట్యాబ్‌లో టిక్కు తీసేయండి. ఒకటి, రెండు అని అంకె కొట్టి ఎంటర్ కొడితే తనే లిస్టు చేసేది కూడా ఆటోకరెక్ట్ కిందే ఉంటుంది. అగ్రిమెంట్లు టైప్ చేసేవాళ్లు దాన్ని ఆపుకోవాలి, షరతుల నంబర్లు మన చేతిలో ఉండాలి. ఒక్కసారి ఆపితే ఆగిపోతాయి, నాలుగేళ్లలో ఏ అప్‌డేట్ తర్వాతా నాకు మళ్లీ తిరిగి రాలేదు. నేను దీనికి ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

తెలుగు విషయంలో మొదటి వారం కొంచెం టెన్షన్ పెడుతుంది. ఇంగ్లీషు ఫాంటు వేరు, తెలుగు ఫాంటు వేరుగా లెక్క పెడుతుంది. తెలుగుది సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) అనే చోట ఉంటుంది. అది తెలియక ఫాంటు సైజు మారుస్తుంటే ఇంగ్లీషు మాటలు పెద్దవై తెలుగు అట్లే ఉండిపోయి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర తెలుగు ఎంచుకొని, బేసిక్ ఫాంట్స్ సీటీఎల్‌లో మీకు నచ్చిన ఫాంటు, సైజు పెట్టండి. నేను మండలి 13 పెట్టుకున్నాను. ఆ తర్వాత దాని జోలికి పోనక్కర్లేదు. వత్తులు, గుణింతాలు చక్కగా పడతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట, వ అతుక్కోకుండా ఉండాలంటే ఆ మధ్యలో 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే చాలు. ఈ ఒక్క కిటుకు తెలియక ఎంత ఇబ్బంది పడ్డానో.

కీబోర్డు గురించి ఒక మాట. రైటర్ ఎంత నిజాయితీగా ఉన్నా, మీ కీబోర్డు ఊహించి రాసేదైతే లాభం లేదు. నేను ఇన్‌స్క్రిప్ట్ వాడతాను. నొక్కిన అక్షరమే పడుతుంది. నేర్చుకోవడానికి నెల పడుతుంది, ఆ నెల వృథా పోదు.

స్పెల్‌చెక్ తెలుగుకు అంత గొప్పగా లేదు. "చెప్పుకోలేకపోయిందంట" లాంటి మాటల కింద ఎర్ర గీత పెడుతుంది. మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి కాబట్టి నిఘంటువులో అన్ని రూపాలూ ఎక్కించడం అయ్యే పని కాదు. కానీ గీత పెట్టి ఊరుకుంటుంది, మాట మీద చేయి వేయదు. గీతలు చూడలేకపోతే షిఫ్ట్, ఎఫ్7 నొక్కితే పోతాయి. నేను ఇంకో పని చేశాను. ఆప్షన్స్‌లో రైటింగ్ ఎయిడ్స్ కింద కొత్త నిఘంటువు ఒకటి తెరిచి దానికి "కడప" అని పేరు పెట్టాను. ఎనుము, కపిల, గెనిమ, మాపటేల, పోతాంటి, యాడికి, ఇట్లా తాత నోట్‌బుక్కుల్లో తగిలిన ప్రతి మాటా కుడి క్లిక్కుతో అందులో వేస్తూ వచ్చాను. ఇప్పటికి ఆరు వందలు దాటాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు మా సిస్టమ్ ఆ మాటలను తప్పనదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. బయట నుంచి వచ్చిన వర్డ్ ఫైలు తెరిస్తే టేబుళ్లు అప్పుడప్పుడు జరుగుతాయి, పేజీ విరుపులు మారతాయి. కాలేజీ రికార్డుల్లో ఇది బాగా తగులుతుంది. బొమ్మలు ఎక్కువగా ఉన్న పెద్ద ఫైలు మా 4 జీబీ ర్యామ్ సిస్టమ్‌లో నెమ్మదిస్తుంది. మెనూలు పాత పద్ధతిలో ఉంటాయి, కొత్తవాళ్లకు వెతుకులాట తప్పదు. అసలు ఫైలు ఓడీటీగా ఉంచుకొని, ప్రింటుకు పీడీఎఫ్ ఇచ్చి, ఎవరైనా గట్టిగా అడిగితేనే వర్డ్ ఫైలుగా సేవ్ చేసి ఇవ్వడం నేను పాటించే పద్ధతి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడిపోతుంది కాబట్టి ప్రెస్సులో అక్షరాలు చెదరవు. పాత పద్ధతి అను ఫాంటులోనే కావాలనే ప్రెస్సులు ఇంకా ఉన్నాయి, అక్కడ మాత్రం కన్వర్టర్‌తో మార్చి మళ్లీ ప్రూఫ్ చూడక తప్పదు. కరెంటు పోతుందనే భయానికి ఆటో రికవరీని 10 నిమిషాల నుంచి 3కు తగ్గించి, బ్యాకప్ కాపీ టిక్కు పెట్టుకున్నాను.

వర్డ్ అలవాటు మానలేని వాళ్లకు నాకు తెలిసినంత చెబుతాను. మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్, ఫ్యామిలీ ప్లాన్లలో 2025 జనవరి నుంచి కోపైలట్ అనే ఏఐ కలిపి ఇస్తున్నారు. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్‌కు పోతే కోపైలట్ అనే పేజీ ఉంటుంది, అందులో ఎనేబుల్ కోపైలట్ టిక్కు తీస్తే ఆగుతుంది. అది వర్డ్‌కే వర్తిస్తుంది, ఎక్సెల్‌లో మళ్లీ తీయాలి, రెండో సిస్టమ్ ఉంటే దానిలోనూ తీయాలి. ఒకేసారి డబ్బు కట్టి కొనే ఆఫీస్ 2024 ఇంకో దారి. గూగుల్ డాక్స్‌లో అయితే టూల్స్, ప్రిఫరెన్సెస్‌లో, రాయబోయే మాటను ముందే చూపించే స్మార్ట్ కంపోజ్ టిక్కు తీసేయాలి. ఇవన్నీ చేయొచ్చు. కాకపోతే ఒక్కో అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ పోయి చూసుకునే ఓపిక ఉండాలి. షాపులో మూడు సిస్టములు పెట్టుకొని నాకు ఆ తీరిక లేదు.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మా కాడికి వచ్చే అగ్రిమెంట్లలో ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు, అప్పుల వివరాలు, ఇంటి గొడవలు అన్నీ ఉంటాయి. ఆన్‌లైన్ ఏఐ పని చేయాలంటే ఆ రాత కంపెనీ సర్వర్ దాకా పోయి రావాలి. కస్టమరు నన్ను నమ్మి చెప్పిన మాటను ఇంకోచోటికి పంపడానికి నేనెవరిని? ఆ మధ్య ఒకామె భాగపరిష్కారం రాయించుకుంటూ, "అక్కా, ఇది ఇంకెవరికీ కనపడదు కదా" అని రెండుసార్లు అడిగింది. నెట్ వైరు పీకేసి చూపించి, టైప్ చేసి, ప్రింట్ ఇచ్చాను. వైరు లేకపోయినా రైటర్‌లో ఏ పనీ ఆగదు.

ఏఐ అంటే నాకు పగ లేదు. మా పిల్లలు చదువుకు వాడుకుంటారు, నేను కూడా ఫోన్‌లో అడిగి తెలుసుకుంటాను. ఒకరి రాతను టైప్ చేసే చోట మాత్రం అది అడగకుండా రాకూడదు. భూమి కాగితంలో "సదరు 3 ఎకరాల 27 సెంట్లలో ఉత్తరం తట్టు 1 ఎకరా 40 సెంట్లు" అని ఉంటే, ఆ "లో" పోతే ఎంత గొడవవుతుందో ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు.

తాత పుస్తకం మొదటి భాగం కిందటేడు ప్రింటయింది, రెండు వందల కాపీలు. ఊళ్లో అందరికీ పంచాడు. ఇప్పుడు రెండో భాగం టైప్ చేస్తున్నాను, 61 పేజీలు అయ్యాయి. నాలుగో నోట్‌బుక్కు సగంలో ఉంది. నిన్న వచ్చి, చెప్పడం మరిచిపోయానంటూ ఇంకో రెండు కాగితాలు జేబులోంచి తీసిచ్చి పోయాడు.