ఆబ్దికం డబ్బు ఎక్కడ ఇస్తే మేలు?

నాన్నగారి ఆబ్దికం దగ్గర పడిందంటే మా ఇంట్లో ఏటా ఇదే చర్చ. భోక్తలు, దక్షిణలు పోగా పక్కన పెట్టిన 20 వేలు ఎక్కడ ఇవ్వాలి? తిరుమల అన్నప్రసాదానికా, తెలిసిన పిల్లల ఫీజుకా, నెలనెలా ఏదైనా సంస్థకా? మూడూ చేసి చూసినవాణ్ణి కాబట్టి బంధువులు కూడా నన్నే అడుగుతుంటారు.

ముందు పన్ను సంగతి. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి విరాళాల మీద పన్ను మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నవారికి కూడా 2 వేలు దాటిన నగదు విరాళం లెక్కలోకి రాదు. తెలిసిన పిల్లవాడి చేతికి ఇచ్చినదానికి ఎలాగూ రాదు.

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైంది. తిథినాడు మనమిచ్చిన డబ్బు ఆ పూటే అన్నమై ఆకులో పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి విరాళాలను బ్యాంకుల్లో వేసి, వచ్చే వడ్డీతో వడ్డిస్తారు. ఒక రోజు వడ్డన మొత్తం మన పేరున జరగాలంటే 2025 నాటి లెక్క ప్రకారం 44 లక్షలు కావాలి. ‘ఆ సముద్రంలో మన చెంబెడు నీళ్లెందుకు అన్నయ్యా?’ అంటాడు మా తమ్ముడు. వాడి మాటలో తప్పేమీ లేదు. కానీ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చుని తిని చూడండి. పక్కవాడు కూలీయో కాంట్రాక్టరో తెలియదు, ఎవరి డబ్బుతో తింటున్నామో తెలియదు. గోవిందా అనుకుంటూ లేచి చేయి కడుక్కుంటే అంతే, ఎవరికీ బాకీ లేము. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిని ఇప్పటికీ తలచుకుంటున్నారంటే, వేళకాని వేళ గోదావరి దాటి వచ్చినవారిని కూడా ఎవరు, ఏమిటి అని అడగకుండా పెట్టినందుకే.

ఇక ఫీజు. అన్నంతో తృప్తి పూటకే, చదువుతో బతుకంతా అని శ్లోకం చదివి మరీ చెప్పే పెద్దలున్నారు. ఫలితం ఒక్కటే చూస్తే నేనూ కాదనలేను. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు పాలిటెక్నిక్‌లో చేరితే ఫీజు నేనే కట్టాను. సెమిస్టరు ఫలితాలు వచ్చిన ఆదివారం తల్లి ఆ పిల్లను తీసుకొచ్చింది. మార్కుల మెమో పాలిథిన్ కవరులో పెట్టుకుని, చెప్పులు గేటు బయటే విడిచి, మెట్ల దగ్గర నిలబడ్డారు. మా అమ్మ మెమో కళ్లజోడుకు దగ్గరగా పెట్టుకుని చూసి, ‘లెక్కల్లో తగ్గాయేమమ్మా?’ అంది. ప్రేమగానే అడిగింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. తల్లి మాత్రం ‘బాగా చదువుతుందమ్మగారూ, ఈసారి తెచ్చుకుంటుంది’ అని మాకు సంజాయిషీ చెప్పుకుంది.

అసలు సంగతి నాకు ఏడాది తర్వాత గాని తట్టలేదు. అంతకుముందు ప్రతి సంక్రాంతికి జీతం పెంచమని నిలదీసి అడిగే మనిషి, ఆ ఏడు నోరు మెదపలేదు. జ్వరంతో కూడా పనికి వచ్చింది. పండగ అంట్లు రెండింతలుంటే అదనంగా ఏమీ అడగకుండా తోమింది. ఫీజు నేను కట్టాననుకున్నాను. సగం ఆమె కట్టింది, అంట్లు తోమి.

అందుకే నా లెక్కలో, పుచ్చుకున్నవారు ఇచ్చినవారికి ఎదురుపడవలసిన అవసరం లేని దారే మేలు. మనవాళ్లు దీన్నే గుప్తదానం అన్నారు. ఇక్కడే సంస్థలు నాకు నచ్చుతాయి. హైదరాబాదులో 1987 నుంచి నడుస్తున్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టగలిగినవారికీ కట్టలేనివారికీ వైద్యం ఒకటే. నెలకింత అని ఇలాంటి చోటికి వెళ్లేలా బ్యాంకులో ఒకసారి ఏర్పాటు చేస్తే, ఇస్తున్నామన్న సంగతి మనమే మరచిపోతాం. మనసుకు ఏమీ ఇచ్చినట్టు ఉండదన్నది నిజమే, మా తమ్ముడి ఫిర్యాదు కూడా అదే.

ఫలానావారి వైద్యానికి డబ్బు కావాలంటూ వాట్సాప్‌లో వచ్చే స్కానర్ బొమ్మలకు నేను పంపను. ఆసుపత్రికి ఫోను చేసి కనుక్కునే ఓపిక ఉన్నవారు పంపవచ్చు.

ఈ ఏడు అమ్మ మాట కాదనలేక కొంత తిరుమలకు పంపాను. మిగిలినది ఇంకో ఊరి కాలేజీలో, తెలిసిన లెక్చరర్ ద్వారా ఆఫీసులో కట్టించాను. రసీదు మీద నా పేరు లేదు, ఎవరి ఫీజో నేనూ అడగలేదు.

‘ఇంతకీ ఆడపిల్లా, మగపిల్లాడా?’ అంది అమ్మ.

‘తెలియదమ్మా.’

‘మార్కులైనా తెప్పించుకోకూడదట్రా?’ అని చాలాసేపు గొణిగింది.