వేవ్ ట్యాంక్ కిట్ రివ్యూ: తీరం కోత బాగా చూపిస్తుంది, మాన్యువల్ మాత్రం దండగ

సముద్రమట్టం పెరిగితే బీచ్ మునిగిపోతుంది అంటారు అందరూ, కానీ మునగడం వేరు కోతకి గురవడం వేరు, ఆ తేడా ఎన్ని వీడియోలు చూపించినా మా పిల్లలకి ఎక్కలేదు, అందుకే ఈ కిట్ తెప్పించా. బ్రాండ్ పేరు చెప్పను, ఇలాంటివన్నీ దాదాపు ఒకే టైపు. పొడవాటి ఇరుకు అక్రిలిక్ తొట్టి, ఒక చివర మోటారుతో ఊగే పలక, రెండో చివర మనమే ఏటవాలుగా పరుచుకునే ఇసుక, అలల స్పీడ్ మార్చడానికి ఒక నాబ్, ఇంకా గోడ, గ్రోయిన్ (ఒడ్డు నుంచి నీళ్ళలోకి అడ్డంగా కట్టే గట్టు) అంటూ కొన్ని ప్లాస్టిక్ ముక్కలు.

అసలు మజా అంతా నాబ్ దగ్గరే ఉంది. తక్కువలో పెడితే చిన్న అలలు ఇసుకని మెల్లగా పైకి నెట్టి ఒడ్డున చిన్న గట్టు కడతాయి. ఫుల్లుగా తిప్పితే, అంటే తుఫాను అనుకోండి, ఆ గట్టు కాసేపట్లోనే నిలువుగా తెగిపోయి ఇసుకంతా లోపలికి జారి నీళ్ళ కింద ఒక దిబ్బలా కూర్చుంటుంది, పక్కనుంచి గాజులోంచి చూసినట్టు క్లియర్‌గా కనపడుతుంది. మళ్ళీ నాబ్ తగ్గించండి, ఆ ఇసుకలో చాలా వరకు తిరిగొస్తుంది. ఇప్పుడు మగ్గుతో ఇంకొంచెం నీళ్ళు పోసి మళ్ళీ అదే తుఫాను, అదే ప్రశాంతం నడపండి. ఈసారి ఒడ్డు పాత గీత దగ్గరికి రాదు, వెనక్కి జరిగి కొత్త చోట స్థిరపడుతుంది. తొట్టికి బయట మార్కర్‌తో గీతలు గీసుకుంటూ పోతే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నీళ్ళు పెరిగింది వేలెడు కూడా లేదు, ఒడ్డు మాత్రం దానికి ఎన్నో రెట్లు వెనక్కి పోయింది.

దీని వెనక ఉన్న లెక్క 1962లో పెర్ బ్రూన్ అనే డెన్మార్క్ ఇంజనీర్ రాసిందే. మట్టం పెరిగితే అలలు పైన ఒడ్డుని కోసి ఆ ఇసుకని కింద సముద్రపు నేల మీద పరుస్తాయి, వాలు ఆకారం అలాగే ఉండి మొత్తం బీచ్ పైకీ వెనక్కీ జరుగుతుంది. మామూలు ఇసుక తీరాల్లో మట్టం ఎంత పెరిగితే దానికి 50 నుంచి 100 రెట్లు ఒడ్డు వెనక్కి పోతుందని ఒక మోటు అంచనా. 2006 నుంచి 2018 దాకా సముద్రమట్టం పెరిగిన ప్రపంచ సగటు ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు, ఇంతేనా అనిపిస్తుంది గానీ ఆ రెట్లు వేసి చూడండి. అయితే ఈ లెక్క ఒడ్డు వెంబడి పక్కకి కొట్టుకుపోయే ఇసుకనీ, నదులు తెచ్చే ఇసుకనీ పట్టించుకోదు, అందుకే దీన్ని పక్కన పడేయమనే సైంటిస్టులు కూడా ఉన్నారు. మాన్యువల్‌లో వీటి గురించి ఒక్క ముక్క లేదు, బ్యాటరీ ఎలా వేయాలో మాత్రం మూడు పేజీలు.

గోడ ముక్క బాగా పనిచేస్తుంది, అసలు కిట్ కొనాల్సింది దీని కోసమే అంటా. ఇసుక పైన గోడ నిలబెట్టి నీళ్ళు పెంచితే గోడ వెనకాల నేల భద్రంగా ఉంటుంది, కానీ అల గోడకి కొట్టి వెనక్కి తిరిగేటప్పుడు దాని పాదం దగ్గర ఇసుకని తవ్వేస్తుంది, ఇంకాసేపటికి గోడ ముందు బీచ్ అనేదే ఉండదు. వెనక్కి జరగడానికి చోటు లేదు కదా మరి! అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ని 1999లో గోడ కట్టి కాపాడకుండా మొత్తానికి మొత్తం దాదాపు 880 మీటర్లు జరిపి సముద్రానికి దూరంగా ఎందుకు పెట్టారో ఇది చూశాక పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

గ్రోయిన్ ముక్కలు మాత్రం పూర్తిగా వేస్ట్. ఒడ్డుకి అడ్డంగా కట్టే ఆ గట్టు ఒక పక్క ఇసుకని ఆపుతుంది, రెండో పక్క కోత పెంచుతుంది, అది కనపడాలంటే అల ఏటవాలుగా రావాలి, తొట్టికి వెడల్పు ఉండాలి. ఇందులో పలక తిన్నగా ఊగుతుంది, తొట్టి మూరెడు వెడల్పు కూడా లేదు, కాబట్టి అవి ఊరికే అలంకారం. ప్యాకెట్ మీద మాత్రం తీరం రూపురేఖలు ఎలా మారతాయో అన్నీ చూపిస్తాం అని రాసుకున్నారు. నెదర్లాండ్స్‌లో 2011లో 2 కోట్ల ఘనపు మీటర్ల పైచిలుకు ఇసుకని ఒకేచోట పోసి, గాలి, అలలు, ప్రవాహాలే దాన్ని తీరం వెంబడి పంచేలా వదిలేశారు చూడండి, అలాంటిది చూపించాలంటే దీనికి నాలుగు రెట్లు వెడల్పు తొట్టి కావాలి.

మోటారు మోత ఎక్కువ, పక్కన ఎవరూ మాట్లాడుకోలేరు. పలక అడుగున ఇసుక ఇరుక్కుంటే ఆగిపోతుంది, అప్పుడప్పుడు బ్రష్‌తో దులపాలి. ఐదుకి మూడున్నర ఇస్తా, పదేళ్ళు దాటిన పిల్లలకీ సైన్స్ టీచర్లకీ ఓకే, చిన్నపిల్లలకి వద్దు. కొనేవాళ్ళు కిట్‌తో వచ్చే ఇసుక వాడకండి, అందులో దుమ్ము ఎక్కువ, రెండు నిమిషాల్లో నీళ్ళు బురదలా అయి లోపల ఏం జరుగుతోందో కనపడదు. విడిగా తెచ్చుకున్న ఇసుకని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి పోయండి.