సారిడాన్: ఎప్పుడో వచ్చే తలనొప్పికి సరే, నెలల తరబడి వదలని తలనొప్పికి వద్దు

మందుల షాపు లేని ఊళ్లో కూడా కిరాణా కొట్టులో సారిడాన్ దొరుకుతుంది. చీటీ అడగరు, ఖరీదూ తక్కువే. నెలకి ఒకటి రెండు సార్లు తలనొప్పి వచ్చేవాళ్లకి ఇది పనిచేసే మాత్రే. వారానికి మూడు నాలుగు రోజులు నొప్పి ఉండి, ఎందుకొస్తోందో తెలియక డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లకి మాత్రం నేను వద్దంటాను. వాళ్ల విషయంలో ఈ మాత్ర జబ్బు ఆనవాళ్లని చెరిపేస్తుంది, ఒక్కోసారి తానే జబ్బవుతుంది.

ఒక్కో మాత్రలో ప్రొపిఫెనజోన్ అనే నొప్పి మందు 150 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 250, కెఫీన్ 50 ఉంటాయి. పెద్దవాళ్లు మామూలుగా వేసుకునే 500 పారాసెటమాల్‌లో ఇది సగమే. మిగతా పని ప్రొపిఫెనజోన్‌ది, దానికి ఊతమిచ్చే కెఫీన్‌ది. నొప్పి మాత్రలు పడక ఒంటిమీద దద్దుర్లు వచ్చినవాళ్లు, ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవాళ్లు దీని జోలికి పోకూడదు. 2018 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇదీ ఉంది. 1988 కంటే ముందు నుంచీ తయారవుతోందన్న కారణంతో 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మినహాయించింది. అది పాత మందు కాబట్టి వచ్చిన మినహాయింపు, రోజూ వేసుకోవచ్చని ఇచ్చిన అనుమతి కాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇలాంటి మిశ్రమ మాత్రలు నెలలో 10 రోజులు, అంతకన్నా ఎక్కువ, మూడు నెలలకి పైగా వాడితే మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. ఉత్త పారాసెటమాల్‌కి ఈ హద్దు 15 రోజులు. లెక్కపెట్టాల్సింది రోజులని, మాత్రలని కాదు. ఒకే రోజు మూడు వేసుకున్నా అది ఒక్క రోజే. రోజు విడిచి రోజు ఒక్కటే వేసుకున్నా నెలకి 15 రోజులవుతాయి. "నేను ఎక్కువ వాడను, ఒక్కటే" అనే చాలామంది దొరికిపోయేది ఇక్కడే. మోకాళ్ల నొప్పికి వేసుకున్న మాత్రల రోజులూ ఇందులో కలపాలి. పైగా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిస్తే మోతాదు తెలియకుండానే పెరుగుతుంది.

రెండో నష్టం డాక్టరు గదిలో బయటపడుతుంది. పార్శ్వనొప్పి మందు వేయకపోతే 4 నుంచి 72 గంటలుంటుంది. తల ఒక పక్క పోటెత్తుతుంది, మెట్లెక్కితే పెరుగుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది, వెలుతురూ చప్పుడూ భరించలేరు. తల చుట్టూ బిగించినట్టుండే మామూలు నొప్పిలో ఇవేవీ పెద్దగా కనిపించవు. కంటి చుట్టూ భరించలేని పోటు, అదే కంట్లో నీళ్లు, 15 నిమిషాల నుంచి 3 గంటల్లో తగ్గిపోవడం ఇంకో జబ్బు లక్షణం. నొప్పి మొదలవగానే మాత్ర మింగేవాళ్లు ఎంతసేపుంటుందో చెప్పలేరు. అందుకే "సైనస్" అని పేరు పెట్టుకుని ఏళ్లు గడిపేస్తారు. స్కానింగ్ మామూలుగా వచ్చిందని జబ్బే లేదనుకోకండి, పార్శ్వనొప్పి స్కానింగ్‌లో కనబడదు.

దీనికి గోడ మీది క్యాలెండర్ చాలు. పాల లెక్క రాసే గడిలోనే నొప్పి ఎన్నింటికి మొదలై ఎన్నింటికి తగ్గిందో, ఏ పక్కనో రాయండి. మాత్ర వేసుకున్న రోజుకి సున్నా చుట్టండి. ఆడవాళ్లయితే నెలసరి తేదీ కూడా. రెండు నెలల కాగితాలు చింపి తీసుకెళ్తే న్యూరాలజిస్టుకి సగం పని తగ్గుతుంది. మాత్రలు విడిగా అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు, పేరూ గడువు తేదీ షాపులోనే ఉండిపోతాయి. పూర్తి స్ట్రిప్పే కొనండి, డాక్టరుకి చూపించండి.

ఎక్కువ వాడుతున్నవాళ్లు డాక్టరుకి చెప్పి మానాలి. మానిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా పెరగొచ్చు. కెఫీన్ ఆగడం కూడా అందుకు ఒక కారణం కాబట్టి, అదే వారం కాఫీ కూడా మానేయకండి. ఆ రోజులకి వేరే మందు డాక్టరే రాస్తారు. కణతలకి అమృతాంజనం రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

కొన్ని నొప్పులకి మాత్రా వద్దు, క్యాలెండరూ వద్దు, నేరుగా ఆసుపత్రికే: క్షణాల్లో విరుచుకుపడిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలో చెయ్యో పడిపోవడం, మాట తడబడటం, తలకి దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, గర్భిణులకి కొత్తగా వచ్చిన నొప్పి. 50 దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పికీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కణతలు ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే అదే రోజు ఈఎస్ఆర్ రక్తపరీక్ష చేయించాలి. ఆలస్యమైతే చూపు పోయే జబ్బు అది.