స్కోర్ కదలడం లేదా? ఇంకో మాక్ మేలా, పాత తప్పులు తవ్వుకోవడం మేలా?

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈకి చదువుతున్న రోజుల్లో వరుసగా నాలుగు మాక్‌లలో (నమూనా పరీక్షల్లో) నా క్వాంట్ (లెక్కల విభాగం) స్కోర్ 161, 162, 161, 162. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అప్పుడు నేనూ అందరూ చేసే పనే చేశాను. ఐదో మాక్ రాశాను. 160 వచ్చింది.

ఏది మేలో తేల్చుకునే ముందు, స్కోర్ నిజంగా ఆగిపోయిందా అన్నది చూసుకోవాలి. 130 నుంచి 170 దాకా ఉండే స్కేలు మీద ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ అవడం మామూలే, దానికి సంబరమూ వద్దు, ఏడుపూ వద్దు. ఒక కంపెనీ మాక్‌లో వచ్చిన 165ని ఇంకో కంపెనీ మాక్‌లో వచ్చిన 161తో పోల్చి బెంగపడేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండూ ఒకే కొలబద్ద కాదు. ఒకేచోటి మాక్‌లు కనీసం మూడు, పూర్తి టైమ్ పెట్టుకుని రాసినా అంకె కదలకపోతేనే ఆగిపోయిందనుకోవాలి.

మాక్ వైపు వాదన బలమైనదే. 2023 సెప్టెంబర్ నుంచి జీఆర్ఈ 1 గంట 58 నిమిషాల పరీక్ష అయింది. క్వాంట్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషం 45 సెకన్లు. వెర్బల్ (ఇంగ్లిష్ విభాగం) మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలే. మొదటి సెక్షన్ ఎలా చేశామన్న దాన్ని బట్టి రెండో సెక్షన్ ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కాబట్టి మొదట్లోనే ఒక ప్రశ్న పట్టుకుని నాలుగు నిమిషాలు వేలాడితే ఆ దెబ్బ ఆ ఒక్క ప్రశ్నతో పోదు. ఎక్కడ వదిలేయాలో, ఎప్పుడు ఏదో ఒకటి టిక్ పెట్టి ముందుకు వెళ్ళాలో (నెగెటివ్ మార్కులు లేవు కదా) టాపిక్‌ల వారీగా ప్రాక్టీస్ చేస్తే అలవాటు కాదు. ఆ టెన్షన్‌లో కూర్చుంటేనే వస్తుంది.

కానీ మాక్ మన స్థాయిని చూపిస్తుందే తప్ప, తెలియని సంగతి నేర్పదు. పైగా మాక్ అయ్యాక అలసిపోయి ఉంటాం. తప్పుల మీద ఒకసారి కళ్ళు పరిగెత్తించి, ‘అయ్యో, ఇది నాకు వచ్చు కదా’ అనుకుని పడుకుంటాం. నేను ఐదుసార్లు అలాగే పడుకున్నాను.

తప్పుల పుస్తకం పెట్టమని అందరూ చెబుతారు. నేనూ పెట్టాను, కానీ మొదటి నెల దానిలో ఉన్నదంతా ఒకటే మాట: ‘సిల్లీ మిస్టేక్’. దాని వల్ల పైసా ఉపయోగం లేదు. ఒక ప్రశ్న చెబుతాను. ఎక్స్ వర్గం ఎక్స్ కంటే పెద్దది. ఒక పక్క ఎక్స్, ఇంకో పక్క 1. ఏది పెద్దది? నేను 2 పెట్టి చూశాను, 3 పెట్టి చూశాను, ఎక్సే పెద్దదని టిక్ పెట్టాను. ఎక్స్ స్థానంలో మైనస్ 1 పెట్టినా షరతు నిలుస్తుంది, అప్పుడు 1 పెద్దది. అంటే జవాబు ‘చెప్పలేం’. పుస్తకంలో రాయాల్సింది ‘ఋణ సంఖ్య పెట్టి చూడలేదు’ అని. అలా రాయడం మొదలుపెట్టాక, రెండు వారాల్లో అదే వాక్యం ఏడుసార్లు కనిపించింది. ఏడు వేర్వేరు ప్రశ్నలు, లోపం మాత్రం ఒక్కటే!

వెర్బల్‌లోనూ అంతే. తెలియని పదాలకంటే తెలుసనుకున్న పదాలే ముంచుతాయి. ‘క్వాలిఫై’ అంటే అర్హత సాధించడమని మనకు తెలుసు. ఒక మాటను కొన్ని షరతులకు లోబరచి, తీవ్రత తగ్గించి చెప్పడం కూడా క్వాలిఫై చేయడమే. ‘సాంక్షన్’కు అనుమతి, ఆంక్ష రెండు అర్థాలూ ఉన్నాయి. మూడు ఖాళీల ప్రశ్నలో రెండు సరిగ్గా పెట్టి ఒకటి తప్పితే సగం మార్కులు కూడా రావు. అందుకే ఇలాంటి ఒక్క పదం ఖరీదు ఎక్కువ.

మరి మీకు ఏది కావాలి? తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఈసారి మాక్ అయ్యాక కీ తెరవకండి. మర్నాడు టైమర్ లేకుండా, అనుమానం తగిలిన ప్రశ్నలన్నీ మళ్ళీ చేయండి. ఆ తర్వాతే కీ చూడండి. రెండోసారి చాలావరకు సరిగ్గా వస్తే మీ సమస్య టైమే, మీకు మాక్‌లు పనికొస్తాయి. టైమ్ ఇచ్చినా తప్పే వస్తే ఇంకో పది మాక్‌లు రాసినా అదే అంకె. క్వాంట్ రెండు సెక్షన్లూ కలిపి 27 ప్రశ్నల్లో నావి తొమ్మిది తప్పులు. తీరిగ్గా చేసినప్పుడు వాటిలో సరైనవి మూడే. దాంతో నా సంగతి తేలిపోయింది. మూడు వారాలు మాక్ జోలికి పోలేదు, పాత తప్పులనే కీ లేకుండా మళ్ళీ మళ్ళీ చేశాను. తర్వాతి మాక్‌లో 165.

కొత్త పుస్తకం కొనడం, కోర్సు మారడం నా లెక్కలో ఆఖరి దారి. మళ్ళీ మొదటి అధ్యాయం నుంచి వచ్చినవే చదువుతాం, చదువుతున్నామన్న తృప్తి మాత్రం మిగులుతుంది. జీమ్యాట్‌కు (బిజినెస్ స్కూళ్ళ ప్రవేశ పరీక్షకు) మారదామా అంటే, ఎంబీఏకే వెళ్ళాలనుకునేవాళ్ళు ఆలోచించవచ్చు. కానీ అక్కడ సెక్షన్‌కు మూడు జవాబులు మాత్రమే మార్చుకోవచ్చు, పైగా డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్ కొత్తగా నేర్చుకోవాలి. మిగతావాళ్ళకు ఆ ఊసు అనవసరం.

ఒకవేళ తప్పుల పుస్తకం వైపే మొగ్గితే, జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ మాక్‌లలో ఒకదాన్ని ముట్టుకోకుండా పరీక్షకు వారం ముందు దాకా దాచుకోండి. ఒకసారి రాసిన మాక్‌ను మళ్ళీ రాస్తే ప్రశ్నలు గుర్తుంటాయి, ఆ స్కోర్‌ను నమ్మలేం. నేను రెండూ మొదటి నెలలోనే వాడేశాను.