మెరిసే సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి

సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరుగుతున్నవాళ్లు ఈ పోస్టు దయచేసి చివరిదాకా చదవండి. ఇప్పటిదాకా నా చేతికి వచ్చిన కార్లలో అన్నింటికన్నా దరిద్రమైనది, చూడటానికి అన్నింటికన్నా అందంగా ఉండేది. గీత కూడా పడని పెయింటు, కొత్త సీటు కవర్లు, మీటర్లో తక్కువ కిలోమీటర్లు, బానెట్ ఎత్తితే అప్పుడే తుడిచినట్టున్న ఇంజిన్. నిజానికి అది సీట్ల దాకా వరద నీళ్లలో నిలబడ్డ బండి. ఆ సంగతి అమ్మినాయన చెప్పలేదు, కాగితాల్లో ఎక్కడా లేదు. నెలల తరబడి ఒక్కో భాగం చెడిపోతూ వస్తే తప్ప నాకు తెలియలేదు.

మొదట మొరాయించింది డ్రైవర్ వైపు పవర్ విండో. ఒకరోజు అద్దం దిగేది, ఒకరోజు దిగేది కాదు. పాత బండి కదా, స్విచ్ పోయి ఉంటుందని మార్పించాను. తర్వాత ఎండలో వెళ్తుంటే వైపర్లు వాటంతట అవే తిరగడం మొదలైంది. రాత్రిపూట ఆపి ఉంచిన కారు హారన్ మోగి చుట్టుపక్కలవాళ్లందరినీ లేపింది. తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. కొత్త బ్యాటరీ వేయించాను, అదీ డౌన్. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ అన్నారు, మార్చారు. సెన్సర్ అన్నారు, అదీ మార్చారు. షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు బుద్ధిగా ఉండేది, ఇంటికి తెచ్చాక మళ్లీ మొదలు. ఇలాంటి జబ్బుతో బతకడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పూర్తిగా చెడిపోతే బాగు చేయించుకోవచ్చు. చెడిందో లేదో తెలియని బండితో పొద్దున లేచింది మొదలు టెన్షనే.

ఆ తర్వాత జరిగింది మాత్రం టెన్షన్ అని సరిపెట్టుకునే విషయం కాదు. పెద్ద రోడ్డు మీద మంచి వేగంలో ఉండగా ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, స్టీరింగ్ తిప్పడానికి బలమంతా పెట్టాలి. బ్రేకుకు సాయం చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు సార్లు నొక్కడానికి సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ గట్టిపడిపోతుంది. వెనక లారీ వస్తోంది. కారులో నా కుటుంబం ఉంది. ఉన్న వేగంతోనే ఎలాగో రోడ్డు పక్కకు చేర్చాను. కాసేపయ్యాక సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చివరికి అసలు సంగతి పట్టుకున్నది ఒక పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన కరెంటు కొలిచే మీటరూ, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానరూ తీయకముందే ముందు సీటు విప్పించి, కింద కార్పెట్ ఎత్తాడు. కార్పెట్ పైన పొడిగా ఉంది. దాని కింద ఉండే దళసరి ఫోమ్ మీద బొటనవేలితో నొక్కితే మురికి నీరు పైకి ఊరింది. అక్కడే ఉన్న ఒక కనెక్టర్‌ను ఊడదీసి నా చేతిలో పెట్టాడు. లోపలి రాగి పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గోరుతో తాకితే ఒక పిన్ను విరిగి నా అరచేతిలో పడింది. తర్వాత సీట్ బెల్ట్‌ను ఆఖరు దాకా లాగమన్నాడు. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉంది. రీలులో చుట్టుకుని ఉండే చివరి మూర మీద మాత్రం అడ్డంగా మట్టి చార. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ చార చెప్పేసింది. పైన పటారం, లోన లొటారం.

మునిగిన బండి వెంటనే ఎందుకు చెడదో కూడా ఆయనే చెప్పాడు. కొనేవాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఇది. నీళ్లు ఆరిపోతాయి, కానీ వాటిలోని ఉప్పులూ సన్నటి ఒండ్రూ కనెక్టర్ల లోపలే ఉండిపోతాయి. కాస్త తేమ తగిలి, దానికి కరెంటు తోడైతే లోహం లోపల్లోపలే తుప్పు పట్టి తినుకుపోతుంది. వైరు లోపల సన్నటి రాగి పోగులు ఉంటాయి కదా, వాటి మధ్య సందుల్లోంచి నీరు ప్లాస్టిక్ తొడుగు లోపల దూరం దాకా పాకుతుంది. మునిగింది ఒకచోట, తుప్పు బయటపడేది ఇంకోచోట. ఇంజిన్ సెన్సర్లలో చాలావరకు 5 వోల్టుల మీద పని చేస్తాయి. చిలుము వల్ల దారిలో కొద్దిపాటి అడ్డు ఏర్పడినా కంప్యూటర్‌కు తప్పుడు లెక్క వెళ్తుంది, అది తప్పుడు నిర్ణయం తీసుకుంటుంది. నా కారు రోడ్డు మీద ఆగిపోవడానికి కారణం ఇదే. సముద్రపు నీరు తగిలిన బండి అయితే ఇదంతా ఇంకా త్వరగా, ఇంకా ఘోరంగా జరుగుతుంది.

ఇంతకన్నా పెద్ద ద్రోహం ఇంకొకటి ఉంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగులను నడిపించే కంట్రోల్ యూనిట్ రెండు ముందు సీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. సీట్ల కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌వే. వరద నీరు మొదట చేరేదీ అక్కడికే. ఆరోగ్యంగా ఉన్న బండిలో తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోతుంది. లోపం ఉంటే ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. నా బండిలో అసలు వెలిగేదే కాదు. వెలగకుండా లోపల లైటునే తీసేశారని ఆ ఎలక్ట్రీషియన్ డాష్‌బోర్డు విప్పి చూపించాడు. ఎయిర్‌బ్యాగ్ పని చేయదని తెలిసే ఎవరో కూర్చుని, స్క్రూలు విప్పి, ఆ లైటు తీసి, మళ్లీ శుభ్రంగా బిగించారు. ఆ కారులో పిల్లలు కూర్చుంటారని వాళ్లకు తెలియదా? డబ్బు నష్టం ఎలాగో మర్చిపోవచ్చు, దీన్ని మాత్రం నేను క్షమించలేను.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, చూసుకునే కదా కొన్నారు అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయన్ని తిట్టుకుంటూ కూర్చుంటే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి ఆ కథ వదిలేస్తున్నాను.

ఇది ఎక్కడో ఒకచోట ఒకరికి జరిగే మోసం కూడా కాదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు మునిగిన బళ్లు, ఆ తర్వాత వరద జాడే లేని రాష్ట్రాల్లో అమ్మకానికి తేలాయి. మునిగిన బండి మునిగిన ఊళ్లో అమ్ముడుపోదు. అందుకే దాన్ని కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి, దూరం తీసుకెళ్లి అమ్ముతారు. మా వైపు వరదలు రావు కదా అని ధైర్యంగా ఉండేవాళ్లే వాళ్లకు కావలసిన గిరాకీ. జార్జ్ ఏకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బేరాన్నే ఉదాహరణగా తీసుకుని, అమ్మేవాడికి తెలిసినదీ కొనేవాడికి తెలిసినదీ సమానం కానప్పుడు బజారు మొత్తం ఎలా పాడవుతుందో రాశాడు. ఆ దారిలో చేసిన పనికే 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కొనేవాడికి తెలియకపోవడమే అమ్మేవాడి లాభం. అందుకే నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

కారు చూడటానికి పగటి వెలుతురులోనే వెళ్లండి, చేతిలో ఒక టార్చిలైటు ఉంచుకోండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ఎందుకని అడగండి, చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. చాలా జబ్బులు చల్లటి ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే బయటపడతాయి. మునిగిన బండిలో ఇది ఇంకా ముఖ్యం. గాలిలా నీరు నొక్కుకుపోదు కాబట్టి, సిలిండర్‌లోకి నీరు వెళ్లినప్పుడు ఎవరైనా స్టార్ట్ చేసి ఉంటే లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉండొచ్చు.

కారెక్కి తలుపులు, అద్దాలు అన్నీ మూయండి. ఏసీని బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగేలా పెట్టి కొన్ని నిమిషాలు కూర్చోండి. తడి గోనెసంచి వాసన వస్తే దిగిపోండి. ఘాటైన సెంటు కొడుతుంటే దాని వెనక ఏం దాస్తున్నారా అని అనుమానించండి. నాలుగు సీట్ బెల్టులూ ఆఖరు దాకా లాగి చూడండి, రీలులో చుట్టుకుని ఉండే భాగాన్ని కడగడం చాలామందికి గుర్తుండదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి రాయండి, మూలల్లో సన్నటి ఒండ్రు తగులుతుందేమో. వానకు కారే డిక్కీలోనూ తుప్పు ఉంటుంది కానీ ఒండ్రు ఉండదు. సీట్లను నేలకు బిగించిన బోల్టులు, పెడళ్ల పైన ఉండే బ్రాకెట్లు, డాష్‌బోర్డు అడుగున ఉన్న స్క్రూలు చూడండి. కారు లోపల, మనిషి చెయ్యి పడని చోట తుప్పు ఉండటానికి కారణం ఉండాలి. పాత బండిలో కార్పెట్ ఒక్కటే కొత్తగా ఉంటే అది మంచి గుణమని మురిసిపోకండి. మా వాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే.

తాళం తిప్పినప్పుడు డాష్‌బోర్డు మీద వెలగాల్సిన హెచ్చరిక లైట్లన్నీ వెలిగాయా, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఇంజిన్ లైట్లు వెలిగి మళ్లీ వాటి పద్ధతి ప్రకారం ఆరాయా గమనించండి. వీలుంటే స్కానర్ ఉన్నవాళ్లను వెంట తీసుకెళ్లండి. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరైన ఓబీడీ సాకెట్ (స్కానర్‌ను తగిలించే చోటు) ఇప్పటి కార్లలో దాదాపు అన్నింటికీ ఉంటుంది. అమ్మేముందు లోపాల కోడ్‌లు చెరిపేయడం మామూలే. అయితే కోడ్‌లు చెరిపినప్పుడు కంప్యూటర్ చేసే సొంత పరీక్షలు కూడా మొదటికి వస్తాయి, అవి పూర్తి కావాలంటే బండి రకరకాలుగా కొన్నాళ్లు తిరగాలి. కోడ్ ఒక్కటీ లేదు, కానీ పరీక్షలేవీ పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే, ఈమధ్యే చెరిపారేమో లేక బ్యాటరీ తీశారేమో అడిగి తెలుసుకోండి.

మీటరు లెక్కను గుడ్డిగా నమ్మకండి. టైరు పక్క భాగం మీద అచ్చు వేసిన కోడ్‌లో ఆఖర్న 4 అంకెలు ఉంటాయి, మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. బాగా తక్కువ తిరిగిన బండి అంటూ, టైర్లు మాత్రం అప్పుడే మార్చినవైతే కారణం అడగండి. పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో మీటరుతో పోల్చుకోండి. 1981 తర్వాతి బళ్లలో ఛాసిస్ నంబరు సాధారణంగా 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. బండి మీద ఉన్నదీ కాగితాల మీద ఉన్నదీ ఒకటేనా అని ఒక్కో అక్షరం చూడండి, ఆ నంబరుతో ఇన్సూరెన్స్ క్లెయిములు, సర్వీసు చరిత్ర తీయించండి. మునగలేదని రాసి సంతకం పెట్టమంటే అమ్మేవాళ్లలో కొందరి ముఖం మారిపోతుంది. ఆ ముఖం చూసి లేచి వచ్చేయండి. అమ్మేవాళ్లు చెప్పిన షెడ్డులో కాకుండా మీకు నమ్మకమున్న మెకానిక్‌తోనే చూపించండి. వద్దంటే ఆ బేరం వదిలేయండి, ఎంత చవకైనా సరే.

నా కారును ఇంకొకరికి అంటగట్టడానికి మనసొప్పలేదు. మునిగిన బండి అని రాసిచ్చి తుక్కు కింద ఇచ్చేశాను.

ఈ పోస్టు చదువుతూ, ఇప్పటికే కొన్న తమ బండి మీద అనుమానం వచ్చినవాళ్లు భయపడి ఊరుకోకండి. పవర్ విండోలు, స్టీరియో సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఎయిర్‌బ్యాగ్ వైరింగ్, ఏబీఎస్, బ్రేకులు తెలిసినవాళ్లతో చూపించండి. సీట్లు విప్పించి కింద ఫోమ్‌లో తడి ఉందేమో నొక్కి చూడమనండి. పసుపు కనెక్టర్లను మాత్రం సొంతంగా ఊడదీయకండి. బ్యాటరీ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగిన తర్వాతే వాటిని ముట్టుకోవాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. ఆ పరీక్ష పూర్తయ్యేదాకా పిల్లల్ని ఆ కారులో ఎక్కించకండి.