‘లా లూనా నువేవా’ పునర్ముద్రణ: అనువాదకురాలి పేరు లేని పుస్తకం

టాగోర్ ‘క్రెసెంట్ మూన్’కు 1915లో వెలువడిన స్పానిష్ అనువాదం ‘లా లూనా నువేవా’ను, ఆర్డరు వచ్చినప్పుడే ప్రతి అచ్చువేసి పంపే ఒక సంస్థ నుంచి తెప్పించాను. స్పానిష్ నేర్చుకుంటున్న మా అమ్మాయికి, విషయం ముందే తెలిసిన పుస్తకమైతే చదవడం తేలికవుతుందన్నది నా ఉద్దేశం. వెల 649 రూపాయలు. పార్సిలు చెప్పిన గడువులోపే నెల్లూరు చేరింది, ప్యాకింగు కూడా బాగుంది. మెచ్చుకోదగినది అంతవరకే.

అట్ట మీద టాగోర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అనువాదకురాలి పేరు అక్కడా లేదు, లోపలి పుటలోనూ లేదు. వెనక అట్ట మీద మాత్రం ‘నోబెల్ కవి హువాన్ రామోన్ హిమెనెస్ తీర్చిన స్పానిష్ రూపం’ అని వేశారు. ఇంగ్లీషు నుంచి అనువదించినది ఆయన భార్య సెనోబియా కాంప్రుబీ. హిమెనెస్ ఆ స్పానిష్‌కు మెరుగులు దిద్దారు, ముందుమాటగా ఒక కవిత రాశారు. అప్పటికి వారికి పెళ్లి కూడా కాలేదు. 1916 మార్చిలో న్యూయార్క్‌లో అయింది. 1915 ప్రతిలో ఆమె పేరుకు బదులు పొడి అక్షరాలే పడ్డాయి. ఇప్పుడు వీరు ఆ పొడి అక్షరాలనూ ఉంచలేదు.

సెనోబియా 1887లో బార్సిలోనా ప్రాంతంలోని మాల్‌గ్రాత్ దె మార్‌లో పుట్టారు. తల్లి ఇంగ్లీషు కూడా తెలిసిన ప్యూర్టో రికో మనిషి కావడం వల్ల, యౌవనంలో కొన్నేళ్లు అమెరికాలో గడపడం వల్ల ఆమెకు ఇంగ్లీషు ఇంటి భాషలాగే వచ్చింది. ‘పోస్టాఫీసు’ నాటకం, ‘గీతాంజలి’ సహా ఇరవైకి పైగా టాగోర్ పుస్తకాలు స్పానిష్ పాఠకులకు అందింది ఆమె చేతి మీదుగానే. భర్త కవిత్వం రాసుకుంటుంటే సంసారం గడిచే దారి చూసిందీ ఆమే: మాద్రిద్‌లో విదేశీయులకు ఇళ్లు అద్దెకిచ్చారు, జానపద హస్తకళల దుకాణం నడిపారు, 1936లో అంతర్యుద్ధం మొదలయ్యాక దేశం విడిచి, తర్వాత మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ప్రవాసంలో ఆమె రాసుకున్న దినచర్య మరణానంతరం మూడు సంపుటాలుగా వచ్చింది. 1956 అక్టోబరు 25న భర్తకు నోబెల్ ప్రకటించారు. 28న ఆమె క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మన బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, టాగోర్‌ను తెలుగులోకి తెచ్చిన బెజవాడ గోపాలరెడ్డిగారి పేరు తీసేసి ఆయన పుస్తకాన్ని ఎవరైనా అచ్చేస్తే ఈ జిల్లాలో ఎవరమైనా ఊరుకుంటామా?

ఇక అచ్చు సంగతి. పాత ప్రతిని స్కాను చేసి, యంత్రం చదివిన పాఠాన్ని ఎవరూ సరిచూడకుండానే ముద్రించినట్టున్నారు. స్పానిష్‌లో ‘న్’ మీద ఉండే అల చాలాచోట్ల ఎగిరిపోయింది. సంభాషణకు ముందు ఆ భాషలో పెట్టే పొడుగు గీతలు అసలే లేవు. పిల్లవాడు సంపెంగ పువ్వై కొమ్మ మీద దాక్కుని, మధ్యాహ్నం భోజనమయ్యాక రామాయణం చదువుకునే తల్లి పుస్తకం మీద తన చిన్ని నీడ వేసే ఖండిక చివర, తల్లీబిడ్డల మాటలు ఒకే పేరాలో కలిసిపోయి, అడిగిందెవరో చెప్పనన్నదెవరో మా అమ్మాయికి బోధపడలేదు. హిమెనెస్ ముందుమాట కవితను ఎత్తేశారు. ఆయన పేరు వాడుకుని ఆయన రాసినదాన్నే వదిలేయడం ఏం న్యాయమో వారికే తెలియాలి. బైండింగు ఉత్త జిగురు. నెల్లూరు రోహిణి ఎండలకు అది మెత్తబడి మొదటి పదహారు పుటలు ఊడి చేతికొచ్చాయి.

ఫిర్యాదు చేస్తే ఊడిన పుటల మాట ఒప్పుకుని సగం సొమ్ము వెనక్కి వేశారు. అనువాదకురాలి పేరు గురించి రాసినదానికి ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అనే జవాబు తప్ప మరేమీ రాలేదు. అయిదింటికి ఒక నక్షత్రం ఇస్తున్నాను, అదీ ప్యాకింగుకే. ఈ అనువాదం కావలసినవారు కొనేముందు లోపలి పుట ఫొటో అడిగి, అందులో సెనోబియా కాంప్రుబీ పేరున్న ముద్రణనే తీసుకోండి. ఆ పేరు వేయాలని తోచిన ప్రచురణకర్త మిగతా పాఠాన్ని కూడా ఒకసారి చదివే ఉంటాడు.