తొలి ఉప్పునీటి అక్వేరియానికి ఐదు పగడాల ప్యాక్: ఎనిమిది నెలల పెంపకం తర్వాత

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టుకున్నవారి కోసమని అమ్మే ఐదు పగడాల ప్యాక్‌ను నేను కొని ఎనిమిది నెలలైంది. మష్రూమ్, జోయాంథిడ్, గ్రీన్ స్టార్ పాలిప్, టోడ్‌స్టూల్ లెదర్, డంకన్ అనే ఆ ఐదూ నేటికీ బతికే ఉన్నాయి. అయినా అన్నింటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోలేను; తేలిగ్గా బతికే పగడమల్లా కొత్తవారికి తగినది కాదని వీటిని పెంచుతుండగానే అర్థమైంది.

మా తొట్టి 120 లీటర్లది. కొత్త తొట్టి నీటిలో పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగిన తర్వాత కూడా మరో నెల ఆగి, నీటి సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటున్నాయని నమ్మకం కుదిరాకే పగడాలను దించాను. నైట్రేట్‌ను సున్నా చేయాలని మాత్రం ఎవరూ పట్టుబట్టవద్దు. మెత్తని పగడాలకు నీటిలో కొద్దిపాటి పోషకం ఉండాలి.

మష్రూమ్‌కు పెద్ద వెలుతురూ వేగమైన ప్రవాహమూ అక్కర్లేదు. మొదట దాన్ని దీపానికి దగ్గరగా పెట్టడం నా పొరపాటు. నాణెమంత చిన్నదిగా ముడుచుకుంది. అడుగున రాతి నీడకు మార్చిన వారానికి అరచేయంత విచ్చుకుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది టోడ్‌స్టూల్. మూడో వారంలో అది పాలిప్‌లన్నిటినీ, అంటే పైన పువ్వుల్లా విచ్చుకునే చిన్న చిన్న నోళ్లను, లోపలికి లాక్కుని, తలంతా మైనం పూసినట్టు మెరుస్తూ బిగుసుకుపోయింది. చనిపోతోందని భయపడి నీటిని రోజుకు రెండుసార్లు పరీక్షించాను, అంతా సరిగానే ఉంది. ఆరో రోజున ఆ పొర ఒక అంచున చిరిగి, ప్రవాహంలో పల్చని కాగితంలా ఊగుతూ సాయంత్రానికి ఊడిపోయింది. మర్నాడు పాలిప్‌లు మునుపటికంటే గుబురుగా విచ్చుకున్నాయి. పైన చేరిన నాచును, మురికిని ఈ పగడం అలాగే వదిలించుకుంటుంది. ఆ రోజుల్లో దానికి కావలసింది కాస్త ప్రవాహం, మన చేతులు దానికి దూరంగా ఉండటం.

గ్రీన్ స్టార్ పాలిప్ పచ్చిక మైదానంలా చూడముచ్చటగా ఉంటుంది గానీ, దాని ఊదారంగు చాప రాళ్ల మీదుగా పాకి పొరుగు పగడాలను కప్పేస్తుంది. దీన్ని ప్రధాన రాళ్ల గుట్టకు తగలకుండా ఇసుకలో విడి రాయి మీద పెట్టాలి.

నా ప్రధానమైన ఫిర్యాదు జోయాంథిడ్ గురించి, అదీ పగడం మీద కాదు, దాన్ని పంపిన తీరు మీద. ఈ జాతి పగడాల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా వీటిని కోయకూడదు, గీకకూడదు. ఇవి పెరిగిన రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ మరిగించకూడదు, ఆ ఆవిరి పీల్చి మనుషులు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. కొత్తవారికని అమ్మే పెట్టెలో ఈ హెచ్చరిక ఒక్క ముక్కయినా లేకపోవడం క్షమించరానిది. అందుకే ఐదుకు మూడు నక్షత్రాలే ఇస్తున్నాను. అన్నీ బతికున్న స్థితిలో, సంచులు కారకుండా చేరాయన్నది కూడా చెప్పాలి. అయినా తొట్టిలో దించే ముందు ప్రతి ముక్కనూ పగడాల కోసం అమ్మే డిప్ ద్రావణంలో ముంచి తీయండి. నా జోయాంథిడ్ మీద నుంచి చిన్న పురుగులు రెండు రాలాయి.

ఈ ఐదింటిలో రాతి అస్థిపంజరం కట్టుకునేది డంకన్ ఒక్కటే. కాబట్టి దానికి కాల్షియం, క్షారత నిలకడగా ఉండాలి. ఒక్కదానికైతే వారం వారం పదో వంతు నీరు మార్చడం నా తొట్టిలో సరిపోయింది. మొదటి రెండు పగడాలు కుదురుకునే దాకా దీన్ని కొనకుండా ఆగడమే మేలు. వారానికి రెండుసార్లు మైసిస్ అనే చిన్న రొయ్యలాంటి మేతను పట్టుకారుతో అందిస్తే, దాని వేళ్లు ఒక్కొక్కటిగా ముడుచుకుని దాన్ని నోటి దాకా చేరుస్తాయి. రెండు తలలతో వచ్చిన డంకన్‌కు ఇప్పుడు ఐదున్నాయి, పక్కన ఆరోది మొలకెత్తుతోంది.